ఇంటికి నాలుగు మొక్కలు: ఒట్టావా నుంచి వాంకూవర్ దాకా

కెనడాలో ఒక ఇంటికి నాలుగు గంజాయి మొక్కలు పెంచుకోవచ్చు. మనిషికి నాలుగు కాదు, ఇంటికి నాలుగు. ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నా, ఆరుగురు విద్యార్థులు కలిసి అద్దెకు ఉన్నా లెక్క మారదు. కేంద్ర చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండాలి. అక్కడ ప్రావిన్సులని పిలిచే రాష్ట్రాలు ఆ వయసును తమకు తగినట్టు నిర్ణయించుకున్నాయి: ఆల్బర్టాలో 18, క్విబెక్‌లో 21, మిగతా అన్నిచోట్లా 19. విత్తనమైనా నారుమొక్క అయినా చట్టబద్ధంగా అమ్మేచోటే కొనాలి. పండినదాన్ని అమ్మకూడదు. కొత్తగా పెంచాలనుకునేవారు కుండీలో మట్టి నింపడానికి ముందే ఈ సంగతులు తెలుసుకుని ఉండాలి.

చట్టం ఒట్టావాలో పుట్టింది. మొక్క మాత్రం దేశమంతటా పెరుగుతుంది. చోటు మారితే చలి మారుతుంది, పగటి పొడవు మారుతుంది, వాటితోపాటు రాష్ట్రం పెట్టిన నిబంధనలూ మారతాయి. ఒక ఊళ్లో ఒప్పయిన పద్ధతి వంతెన దాటగానే నేరం కావచ్చు, ఒకచోట బ్రహ్మాండంగా పూసిన రకం మరోచోట మంచుకు మాడిపోవచ్చు. ఈ సాగును అర్థం చేసుకోవాలంటే తూర్పున రాజధాని దగ్గర మొదలుపెట్టి పడమటి సముద్రం దాకా వెళ్లడమే మేలు.

ఒట్టావా నది ఒడ్డున, ఎత్తయిన గట్టు మీద పార్లమెంటు భవనాలు ఉన్నాయి. 2018 జూన్ 21న రాజముద్ర పడిన గంజాయి చట్టం అదే ఏడాది అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ వర్తించేలా ఇలాంటి చట్టం చేసిన దేశాల్లో ఉరుగ్వే మొదటిది, కెనడా రెండోది. 1923లో నిషేధిత మత్తుపదార్థాల జాబితాలో చేరిన మొక్క బయటపడటానికి తొంభై అయిదేళ్లు పట్టింది.

ఇంటి సాగు హక్కు కోసం ముందుగా పోరాడినవాళ్లు రోగులు. ఈ సంగతి చాలామందికి తెలియదు. టెరెన్స్ పార్కర్ మూర్ఛ వ్యాధిగ్రస్తుడు. మందులకు లొంగని మూర్ఛలు గంజాయితో అదుపులో ఉంటున్నాయని ఇంట్లోనే మొక్కలు పెంచుకున్నాడు, కేసులో ఇరుక్కున్నాడు. వైద్య అవసరానికి మినహాయింపు లేని నిషేధం రాజ్యాంగానికి విరుద్ధమని 2000లో ఒంటారియో అప్పీలు కోర్టు అతని కేసులో తేల్చింది. మరుసటి ఏడాదే రోగులు పెంచుకోవడానికి కేంద్రం నిబంధనలు తెచ్చింది. తర్వాత ప్రభుత్వం ఆ వెసులుబాటు తీసేసి, కంపెనీల దగ్గరే కొనాలంది. అలార్డ్ కేసులో 2016లో ఫెడరల్ కోర్టు అదీ చెల్లదంది. ఇప్పటికీ డాక్టరు సిఫారసు ఉన్న రోగి కేంద్ర ఆరోగ్య శాఖలో నమోదు చేసుకుంటే, తన మోతాదును బట్టి నాలుగుకు మించి పెంచుకోవచ్చు. ఆ దారి వేరు, ఆ కాగితాలు వేరు. మామూలు మనిషికి నాలుగే.

ఆ నాలుగు అంకె 2016లో ఆన్ మెక్లెల్లన్ అధ్యక్షతన పనిచేసిన నిపుణుల బృందం సూచించినది. మొక్క నూరు సెంటీమీటర్లు దాటకూడదని కూడా ఆ బృందం చెప్పింది. బిల్లు పార్లమెంటులో నలుగుతున్నప్పుడు ఆ ఎత్తు నిబంధనను తీసేశారు. మంచి పనే చేశారు. వారం రోజులు ఊరెళ్లి వచ్చేసరికి జానెడు పెరిగే మొక్కకు టేపు పట్టి మనిషిని నేరస్తుణ్ని చేయడంలో న్యాయం లేదు.

పార్లమెంటు గట్టు మీద నిలబడి చూస్తే నదికి అవతల కనిపించే ఊరు గాటినో. అలెగ్జాండ్రా వంతెన మీద కాలినడకన పోయి రావచ్చు. వంతెన మధ్యలో ఒంటారియో అయిపోయి క్విబెక్ మొదలవుతుంది. యివతల నాలుగు మొక్కలు, అవతల సున్నా. క్విబెక్ తన చట్టంలో ఇంటి సాగును పూర్తిగా నిషేధించింది. ఒక్క మొక్క పెంచినా 250 నుంచి 750 డాలర్ల దాకా జరిమానా. జానిక్ మర్రీ-హాల్ అనే పౌరుడు దీన్ని కోర్టుకు ఎక్కించాడు. కింది కోర్టు 2019లో నిషేధం చెల్లదంది, అప్పీలు కోర్టు చెల్లుతుందంది, చివరకు వ్యవహారం ఒట్టావాలోనే, పార్లమెంటుకు కాస్త పక్కన అదే నదీతీరాన ఉన్న సుప్రీంకోర్టుకు చేరింది. 2023 ఏప్రిల్ 14న న్యాయమూర్తులు ఒకే మాటగా క్విబెక్‌ను సమర్థించారు.

ఆ తీర్పులోని తర్కం కొత్తవారు తప్పక అర్థం చేసుకోవాలి. కేంద్ర చట్టం నాలుగు మొక్కలు పెంచడాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది, అంతే. పెంచుకునే హక్కును అది ఎవరి చేతిలోనూ పెట్టలేదు. నేరం కాకపోవడం ఒకటి, హక్కు కావడం మరొకటి. ఆ మధ్య ఉన్న జాగాలో రాష్ట్రం తన నిబంధన పెట్టుకోవచ్చు, ఇంటి యజమాని అద్దె ఒప్పందంలో షరతు రాయించుకోవచ్చు, అపార్టుమెంటు సంఘం తీర్మానం చేసుకోవచ్చు. గాటినోలో ఉండే మనిషి దుకాణంలో గంజాయి కొనవచ్చు, తాగవచ్చు, విత్తనం మాత్రం నాటకూడదు. ప్రజల ఆరోగ్యం కోసమే అమ్మకాన్ని ప్రభుత్వ దుకాణాలకు పరిమితం చేశామన్నది క్విబెక్ వాదన. ఆ వాదనకు బలం లేకపోలేదు. కానీ నది యివతల అదే నాలుగు మొక్కలతో ఒంటారియో కాలం గడుపుతున్నప్పుడు, అవతల పూర్తి నిషేధం అవసరమా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఒట్టావాకు నైరుతిగా గంట ప్రయాణంలో, రిడో కాలువ ఒడ్డున స్మిత్స్ ఫాల్స్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి హెర్షీ చాక్లెట్ ఫ్యాక్టరీ 2008లో మూతపడింది. అదే భవనంలో ట్వీడ్ అనే గంజాయి కంపెనీ దిగింది, తర్వాత క్యానపీ గ్రోత్ పేరుతో దేశంలోనే పెద్ద సంస్థల్లో ఒకటైంది. 2023లో ఆ ప్లాంటునూ మూసేశారు, హెర్షీ తన పాత భవనాన్ని తిరిగి కొనుక్కుంది. పెద్ద కంపెనీల ఆశలు ఎలా పొంగి ఎలా చల్లారాయో ఆ ఒక్క భవనం చరిత్ర చెబుతుంది. ఇంటి పెరట్లో నాలుగు మొక్కలవాడికి ఆ లాభనష్టాలతో పని లేదు.

పని మొదలయ్యేది టొరంటోలో, విత్తనాల దుకాణం దగ్గర. ఒంటారియోలో లైసెన్సు ఉన్న ప్రైవేటు దుకాణాలు వీధివీధినా ఉన్నాయి, ప్రభుత్వ సంస్థ ఆన్‌లైన్‌లోనూ అమ్ముతుంది. విత్తనాల ప్యాకెట్ మీద ఎక్సైజ్ ముద్ర ఉండాలి. స్నేహితుడి స్నేహితుడు ఇచ్చిన విత్తనం మొలకెత్తడంలో తేడా ఉండకపోవచ్చు, చట్టం దృష్టిలో మాత్రం అది దొంగ విత్తనమే. బహిరంగ ప్రదేశంలో ఒక మనిషి దగ్గర ముప్పై గ్రాముల ఎండు గంజాయి దాకా ఉండవచ్చు. ఒక్కో విత్తనాన్ని ఒక గ్రాముగా లెక్కిస్తారు కాబట్టి ముప్పై విత్తనాలకు మించి జేబులో ఉండకూడదు. పూత పట్టిన మొక్కను బయట మోసుకుపోవడం అసలే కుదరదు. మొక్కను ఒక ఇంటినుంచి మరో ఇంటికి మార్చాలంటే లేత దశలోనే మార్చాలి.

ప్యాకెట్ మీద రెండు మాటలు కనిపిస్తాయి: ఫెమినైజ్డ్, ఆటోఫ్లవర్. గంజాయిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. టీహెచ్‌సీ అనే మత్తు పదార్థం మెండుగా చేరేది ఆడ మొక్క పూగుత్తుల్లో. మగ మొక్క పుప్పొడి సోకితే ఆడ మొక్క తన శక్తినంతా గింజ కట్టడానికి పెట్టేస్తుంది, పూత నాసిరకమవుతుంది. అందుకే దాదాపు ఆడ మొక్కలే మొలిచేలా తయారుచేసిన ఫెమినైజ్డ్ విత్తనం కొత్తవారికి ఉత్తమం. మామూలు విత్తనం వేస్తే సగం మగవే రావచ్చు. నాలుగే అనుమతి ఉన్నచోట అది పెద్ద నష్టం.

ఆటోఫ్లవర్ సంగతి పగటి పొడవుకు సంబంధించినది. సాధారణ గంజాయి రకాలు పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడే పూతకు వస్తాయి. టొరంటోలో జూన్ నెలాఖరున పగలు పదిహేను గంటలు దాటి ఉంటుంది. ఆగస్టు మధ్యకు అది పద్నాలుగుకు దిగుతుంది, అప్పుడు మొక్క పూత వైపు మళ్లుతుంది. అక్కడినుంచి కోతకు ఎనిమిది, తొమ్మిది వారాలు. అంటే అక్టోబరు మధ్య. ఆటోఫ్లవర్ రకానికి ఈ లెక్క పట్టదు. ఉత్తరాది చలి నేలల్లో పెరిగే రుడెరాలిస్ జాతినుంచి ఆ గుణం వచ్చింది. మొలిచిన మూడు నాలుగు వారాలకు దానంతటదే పూస్తుంది, విత్తిన నాటినుంచి పది పన్నెండు వారాల్లో కోతకు వస్తుంది. మొక్క చిన్నది, దిగుబడి తక్కువ, తప్పు దిద్దుకునే వ్యవధీ తక్కువ. ఆకు వాడి వారం రోజులు ఎదుగుదల ఆగితే సాధారణ రకాన్ని ఇంకో వారం పెంచుకోవచ్చు. ఆటోఫ్లవర్ ఆగదు.

టొరంటోలో, దాని చుట్టూ మిస్సిసాగా, బ్రాంప్టన్‌లలో ఎక్కువమంది అపార్టుమెంట్లలోనో బేస్‌మెంట్లలోనో ఉంటారు. తెలుగు విద్యార్థులూ, కొత్తగా స్థిరపడిన కుటుంబాలూ ఎక్కువగా ఉండేది ఇక్కడే. అద్దె ఒప్పందంలో మొక్కలు పెంచకూడదని రాసి ఉంటే కథ అక్కడితో ఆగిపోవాలి. చట్టం అనుమతించిందన్న వాదన ఇల్లు ఖాళీ చేయించే కేసులో నిలబడదు. ఇంటి బీమా కాగితాలూ చదవాలి. తేమకు గోడలు బూజు పట్టినా, దీపాల తీగలు కాలినా బీమా కంపెనీ పరిహారం ఇవ్వకపోవచ్చు.

అడ్డంకులేవీ లేవనుకుంటే, ఇంట్లో సాగుకు రెండడుగుల చదరం నుంచి నాలుగడుగుల చదరం దాకా ఉండే గ్రో టెంటు సరిపోతుంది. లోపల వెండి రంగు పూసిన గుడ్డ గూడు అది. దాంట్లో ఎల్‌ఈడీ దీపం, గాలి ఆడటానికి చిన్న ఫ్యాను, వాసన బయటకు పోకుండా కార్బన్ ఫిల్టరు. నూటయాభై వాట్ల దీపం రోజుకు పద్దెనిమిది గంటలు వెలిగితే 2.7 యూనిట్ల కరెంటు అవుతుంది. సాధారణ రకాలకు ఎదిగే దశలో రోజుకు పద్దెనిమిది గంటల వెలుగు, ఆరు గంటల చీకటి ఇస్తారు. పూత తెప్పించాలంటే పన్నెండు గంటల వెలుగు, పన్నెండు గంటల చీకటికి మారుస్తారు. ఆ చీకటి నిజమైన చీకటి కావాలి. మధ్యలో తలుపు తీసి దీపం వేసి చూస్తే మొక్క తికమకపడుతుంది, ఆడ మొక్క మీదే మగ పూలు కూడా రావచ్చు.

విత్తనాన్ని తడి కాగితపు తువ్వాలు మడతలో పెట్టి, ఇరవై నుంచి ఇరవైఅయిదు డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే రెండు మూడు రోజుల్లో, ఆలస్యమైతే వారంలో మొలక పగులుతుంది. తెల్లటి వేరు కనపడగానే మట్టిలో ఒక సెంటీమీటరు లోతున పెట్టాలి. అంతకంటే లోతైతే లేత మొలక పైకి రాలేక కుళ్లుతుంది. కుండీ కనీసం పది పన్నెండు లీటర్లది ఉండాలి, అడుగున నీరు జారిపోయే చిల్లులు ఉండాలి. మట్టి గుల్లగా ఉండాలి. పీహెచ్ ఆరు నుంచి ఆరున్నర, ఏడులోపు ఉంటే పోషకాలు వేరుకు అందుతాయి.

కొత్తవారి చేతిలో మొక్కలు ఎక్కువగా చచ్చేది నీరు తక్కువై కాదు, ఎక్కువై. నేల పదును చూసి నీళ్లు పెట్టడం తెలుగు రైతుకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. ఇక్కడా అదే విద్య. వేలు రెండు కణుపుల లోతున దించి చూడాలి, పొడిగా తగిలితేనే పోయాలి. కుండీని చేత్తో ఎత్తి బరువు చూసినా తెలుస్తుంది. రోజూ కొంచెం కొంచెం పోస్తే వేరుకు ఊపిరాడదు, కింది ఆకులు పసుపెక్కి వేలాడతాయి. అది ఎరువు లోపమనుకుని ఎరువు వేస్తారు, దాంతో ఆకుల కొనలు మాడతాయి. ఇలా ఒక తప్పును మరో తప్పుతో సరిదిద్దబోయి మొక్కను చంపుకునేవారే ఎక్కువ. ఎదిగే దశలో నత్రజని ఎక్కువ కావాలి, పూత దశలో దాన్ని తగ్గించి భాస్వరం, పొటాష్ పెంచాలి. మంచి కంపోస్టు కలిపిన మట్టి అయితే మొదటి మూడు వారాలు ఏమీ వేయనక్కర్లేదు.

ఎర్రనల్లి, పేనుబంక ఇంట్లో పంటకూ వస్తాయి. ఆకు అడుగుభాగం చూస్తూ ఉండటమే విరుగుడు. పూత మీద మాత్రం ఏ పురుగుమందూ చల్లకూడదు. ఆ పూతను చివరికి మనిషి పొగగా పీల్చవచ్చు, లేదా తినవచ్చు.

టొరంటోనుంచి వాంకూవర్‌కు ది కెనడియన్ అనే రైలు నడుస్తుంది. 4,466 కిలోమీటర్లు, నాలుగు రాత్రుల ప్రయాణం. ఉత్తర ఒంటారియోలో గంటల తరబడి రాళ్లూ సరస్సులూ స్ప్రూస్ అడవులూ తప్ప ఊరు కనపడదు. ఆ రాతినేల దాటాక ఒక్కసారిగా నేల చదునవుతుంది, ఆకాశం పెద్దదవుతుంది. అది మానిటోబా, ప్రెయిరీ మైదానాల తొలి రాష్ట్రం.

చట్టం వచ్చిన తొలి ఏళ్లలో క్విబెక్‌తోపాటు ఇంటి సాగును నిషేధించిన రాష్ట్రం మానిటోబాయే. ఇక్కడ అప్పట్లో జరిమానా మరీ కఠినం, 2,542 డాలర్లు. సుప్రీంకోర్టు క్విబెక్‌కు అనుకూలంగా తీర్పు చెప్పాక మానిటోబాకు తన నిషేధం కొనసాగించుకునే వీలుండేది. అయినా అక్కడి కొత్త ప్రభుత్వం చట్టాన్ని మార్చింది. 2025 మే 1 నుంచి పందొమ్మిదేళ్లు నిండినవారు ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. నిషేధించే అధికారం ఉండి కూడా వద్దనుకోవడం ఈ ప్రయాణంలో కనిపించే మెచ్చదగిన నిర్ణయాల్లో ఒకటి.

అదే రాష్ట్రంలోని విన్నిపెగ్‌లో చట్టం ఒప్పుకున్నా వాతావరణం ఒప్పుకోదు. ఈ ఊరు దాదాపు యాభయ్యో అక్షాంశం మీద ఉంది. వేసవిలో పగలు పదహారు గంటలు దాటుతుంది, అది పద్నాలుగు గంటలకు తగ్గేసరికి ఆగస్టు నెలాఖరవుతుంది. సాధారణ రకం అప్పుడు పూత మొదలుపెడితే కోతకు అక్టోబరు చివర రావాలి. సెప్టెంబరులోనే మంచు పడి ఆకు నల్లబడిపోతుంది. పగలు ఎక్కువగా ఉండటం వరంలా కనిపిస్తుంది, నిజానికి పూతను ఆలస్యం చేసేది ఆ పగలే. అందుకే ప్రెయిరీల్లో ఆరుబయట పెంచేవారికి ఆటోఫ్లవర్ తప్ప గత్యంతరం లేదనవచ్చు. మే 25కు ముందు వచ్చే సోమవారం విక్టోరియా డే, కెనడాలో పెరటి తోటలవాళ్లు మొక్కలు బయట నాటడానికి గుర్తుపెట్టుకునే సెలవు. ఆ తర్వాత చలి జడుపు తగ్గాక ఆటోఫ్లవర్ నాటితే ఆగస్టులో, మహా అయితే సెప్టెంబరు తొలివారంలో పంట చేతికి వస్తుంది.

ఈ మైదానాల్లో ఇంకో చిక్కు ఉంది. మానిటోబా, సస్కాచెవాన్, ఆల్బర్టాల్లో హెంప్‌ను పొలాల్లో పంటగా వేస్తారు. అదీ గంజాయి జాతి మొక్కే. కాకపోతే టీహెచ్‌సీ 0.3 శాతం మించకూడదు, మత్తు ఉండదు. 1998 నుంచి కెనడాలో లైసెన్సుతో దీన్ని గింజ కోసం, నార కోసం పండిస్తున్నారు. హెంప్ గింజల నూనె, పప్పు అమ్మే కంపెనీలు విన్నిపెగ్‌లోనే పుట్టాయి. గంజాయి పుప్పొడి గాలికి కిలోమీటర్ల దూరం పోతుంది. పక్క ఊళ్లో హెంప్ చేను పూతకొచ్చిందంటే పెరట్లోని ఆడ మొక్కలు గింజ కట్టవచ్చు. పల్లెల్లో ఉండేవారు టెంటులోనో, అద్దాల గదిలోనో పెంచుకోవడం మంచిది.

సస్కటూన్, ఎడ్మంటన్ దాటితే రాకీ పర్వతాలు, వాటికవతల బ్రిటిష్ కొలంబియా. కెనడాలో గంజాయి పెంపకానికి పాత పేరున్న రాష్ట్రం ఇదే. చట్టం రాకముందు దశాబ్దాల పాటు ఇక్కడి లోయల్లోనూ దీవుల్లోనూ చాటుగా పండించారు, ఆ నేర్పు తరంనుంచి తరానికి వచ్చింది. ఇక్కడి నిబంధనలు రెండు ముఖ్యం. మొక్క రోడ్డు మీదికి, పార్కులోకి, బహిరంగ ప్రదేశం ఏదైనా సరే అక్కడికి కనపడకూడదు. పసిపిల్లల సంరక్షణ కేంద్రం నడిపే ఇంట్లో అసలు పెంచకూడదు. అట్లాంటిక్ వైపున్న న్యూ బ్రన్స్‌విక్‌లో ఆరుబయట పెంచేచోటు చుట్టూ కనీసం 1.52 మీటర్ల ఎత్తు కంచె వేసి తాళం పెట్టాలంటారు. రెండు నిబంధనల వెనకా ఉన్న ఉద్దేశం ఒకటే: దొంగలనుంచీ పిల్లలనుంచీ మొక్కను దూరంగా ఉంచడం.

వాంకూవర్ తీరంలో చలి భయం తక్కువ, తడి భయం ఎక్కువ. వేసవి పొడిగా ఉండి మొక్క ఏపుగా పెరుగుతుంది. సరిగ్గా పూగుత్తులు బిగిసే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ముసురు పడుతుంది. ఆకుల మీద తెల్లగా బూడిద తెగులు, పూగుత్తి లోపల కనపడకుండా బూడిదరంగు బూజు పడతాయి. బయటికి నవనవలాడే గుత్తిని విప్పి చూస్తే లోపల గోధుమరంగు పిండి రాలుతుంది. అలాంటిదాన్ని నిర్దాక్షిణ్యంగా పారేయాలి. మంచి ముక్క కోసుకుని మిగతాది తీసేద్దామనే ఆశ వద్దు. బూజు పట్టిన గంజాయి పొగ ఊపిరితిత్తులకు ప్రమాదం, రోగనిరోధక శక్తి తక్కువున్నవారికి ప్రాణాంతకం కూడా కావచ్చు. కొమ్మల మధ్య గాలి ఆడేలా ఆకులు తుంచడం, వాన పడే రోజుల్లో కుండీని పైకప్పు కిందికి జరపడం, ముందుగా కోతకొచ్చే రకం ఎంచుకోవడం ఇక్కడి పెంపకందార్ల పద్ధతి.

కోత ఎప్పుడన్నది భూతద్దం చెబుతుంది. పూగుత్తుల మీద మెరిసే సన్నటి జిగురు నూగు మొదట గాజులా తేటగా ఉంటుంది, తర్వాత పాలలా తెల్లబడుతుంది, ఆపైన తేనెరంగుకు తిరుగుతుంది. ఎక్కువభాగం తెల్లబడి అక్కడక్కడ తేనెరంగు కనిపించినప్పుడు కోస్తారు. కోసిన కొమ్మలను చీకటి గదిలో, పద్దెనిమిది నుంచి ఇరవై డిగ్రీల వద్ద, తేమ యాభైఅయిదు, అరవై శాతం మధ్య ఉంచి తలకిందులుగా వేలాడదీయాలి. వారం, పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. ఎండలో పెట్టినా హీటరు పెట్టినా పైన పెళుసై లోపల తడి మిగులుతుంది, సీసాలో పెట్టగానే బూజు పడుతుంది. సన్న కొమ్మ వంచితే పుటుక్కున విరగాలి, అప్పుడే గాజు సీసాల్లోకి ఎత్తాలి. మొదటి వారాల్లో రోజుకొకసారి మూత తీసి గాలి మార్చాలి. పంట తయారీలో ఓపిక కావాల్సింది ఇక్కడే, ఎక్కువమంది తొందరపడేదీ ఇక్కడే.

ఇంట్లో పండినదాన్ని మరో పెద్ద మనిషికి ముప్పై గ్రాముల దాకా ఊరికే ఇవ్వవచ్చు. ఒక్క డాలరు పుచ్చుకున్నా అక్రమ అమ్మకం, దానికి గరిష్ఠ శిక్ష పద్నాలుగేళ్ల జైలు. బ్యూటేన్ వంటి మండే ద్రావకాలతో సారం తీయడం ఇంట్లో పూర్తిగా నిషిద్ధం. అలాంటి ప్రయత్నాల్లో ఇళ్లు పేలిపోయి మనుషులు కాలిపోయిన ఘటనలు ఉన్నాయి. ఇంట్లో వెన్నలోనో నూనెలోనో కలిపి వంట చేసుకోవచ్చు. ఆ వంటను మాత్రం తాళం వేసిన చోట పెట్టాలి. బిస్కెట్లా కనిపించేది తిని ఆసుపత్రి పాలైన పసిపిల్లల కేసులు చట్టం వచ్చాక కెనడాలో పెరిగాయి. మొక్కకు తాళం, సీసాకు తాళం, వంటకు తాళం ఉండాలి. పిల్లలున్న ఇంట్లో ఈ మూడింటికీ చోటు లేకపోతే పెంచకపోవడమే సరి. ఇరవైఅయిదేళ్ల దాకా మెదడు ఎదుగుతూనే ఉంటుంది, ఆ వయసులో వాడకం ఎంత ఆలస్యమైతే అంత మేలని కెనడా ఆరోగ్య శాఖే చెబుతోంది. చట్టం అనుమతించడం వేరు, శరీరం అనుమతించడం వేరు.

కెనడాలోని తెలుగువారికి ఇంకా కొన్ని హెచ్చరికలు అవసరం. విద్యార్థి వీసా మీదనో, శాశ్వత నివాస హోదా మీదనో ఉన్నవారికి చట్టం దాటితే పడే శిక్ష జరిమానాతో ఆగదు. పదేళ్లు, అంతకుమించి గరిష్ఠ శిక్ష ఉన్న నేరం రుజువైతే వలస చట్టం దాన్ని తీవ్ర నేరంగా పరిగణిస్తుంది, దేశంనుంచి పంపించేయవచ్చు. పరిమితికి మించి మొక్కలు పెంచడం, అమ్మడం ఆ కోవలోవే. మత్తులో బండి నడపడం కూడా 2018 డిసెంబరు నుంచి ఆ జాబితాలో చేరింది. అమెరికా సరిహద్దు దగ్గర మరో చిక్కు: వాషింగ్టన్ రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే అయినా సరిహద్దును కాపాడేది అమెరికా కేంద్ర చట్టం, దాని దృష్టిలో గంజాయి ఇప్పటికీ నిషిద్ధ పదార్థమే. వాంకూవర్‌నుంచి సియాటెల్‌కు కారులో బయల్దేరేటప్పుడు ఒక్క గ్రాము కూడా ఉండకూడదు.

ఇక స్వదేశం మాట. పాడేరు, చింతపల్లి ఏజెన్సీ కొండల్లో గంజాయి సాగు చేశారని గిరిజనుల మీద ఎన్నో కేసులు పడ్డాయి. లాభం దళారులకు పోయింది, జైలు కొండవాళ్లకు మిగిలింది. కెనడాలో పెరటి మొక్కగా మారిన పంట అక్కడ కుటుంబాలను కూల్చే పంటగానే ఉంది. ఆ తేడా తెలిసినవాళ్లు విమానం ఎక్కేటప్పుడు లగేజీలో ఒక్క విత్తనమైనా పెట్టుకోకూడదు. అనుమతి లేకుండా గంజాయి విత్తనాన్ని దేశం దాటించడం కెనడా చట్టం ప్రకారమే నేరం. దిగిన తర్వాత ఆ విత్తనాన్ని నాటితే అది భారతదేశంలో నేరం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం సెక్షన్ 20 కింద గంజాయి మొక్క పెంచినందుకు పదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఇంటికి ఇన్ని మొక్కలన్న మినహాయింపు ఆ చట్టంలో లేదు.